నేలను పటిష్ఠపరచే పద్ధతులు: నల్లరేగడి మొదలు గోదావరి ఇసుక వరకు

ప్రత్యేక వ్యాసం

భవనమైనా, వంతెనయైనా, రహదారియైనా, ఆనకట్టయైనా తన భారాన్ని చివరకు మోపేది నేలపైనే. గోడలకు వాడే ఇటుకను, సిమెంటును, ఇనుమును ఎంపిక చేసుకునే అవకాశం యజమానికి ఉంటుంది. నేలను మాత్రం ఉన్నది ఉన్నట్లు స్వీకరించవలసి వస్తుంది. ఒకప్పుడు బలహీనమైన నేల ఎదురైతే ఆ స్థలాన్ని విడిచి మరో స్థలం చూసుకునేవారు. పట్టణాలు విస్తరించి, ఓడరేవులు, రహదారులు, సాగునీటి ప్రాజెక్టులు పెరిగిన నేటి పరిస్థితులలో ఆ వెసులుబాటు తగ్గిపోయింది. ఈ నేపథ్యంలో నేల స్వభావాన్ని నిర్మాణానికి అనుగుణంగా మార్చుకునే విజ్ఞానం సివిల్ ఇంజనీరింగులో ఒక ప్రధాన విభాగంగా రూపుదిద్దుకున్నది. దీనినే ఇంజనీర్లు గ్రౌండ్ ఇంప్రూవ్‌మెంట్ అని వ్యవహరిస్తారు. తెలుగులో నేలను పటిష్ఠపరచడం అని చెప్పుకోవచ్చు.

ఈ విజ్ఞానం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకు ఎంతో అవసరమైనది. ఒకవైపు లక్షలాది ఎకరాల నల్లరేగడి, మరొకవైపు సముద్ర తీరం వెంబడి మెత్తని బంకమట్టి, నదీ గర్భాలలో లోతైన ఇసుక మేటలు ఈ ప్రాంతంలో కానవస్తాయి. ఈ మూడు రకాల నేలలూ ఇంజనీర్లకు మూడు వేర్వేరు సమస్యలను కల్పిస్తున్నాయి.

మూడు నేలలు - మూడు సమస్యలు

భారతదేశ భూభాగంలో దాదాపు ఐదో వంతు నల్లరేగడి నేలలే. ఆదిలాబాద్, నిజామాబాద్, కర్నూలు, నంద్యాల, ప్రకాశం, గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో ఇవి విస్తారంగా ఉన్నాయి. ప్రత్తికి, మిరపకు, శనగకు అనువైన ఈ నేల గృహనిర్మాణానికి మాత్రం ఇబ్బంది కలిగిస్తుంది. ఇందులో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంక ఖనిజం అధికంగా ఉండటమే ఇందుకు కారణం. ఈ ఖనిజం అతి పలుచని పొరలుగా ఉంటుంది. వర్షం పడినపుడు ఆ పొరల మధ్యకు నీరు చేరి నేల ఉబ్బుతుంది. వేసవిలో ఆ నీరు ఆవిరై నేల కుంచించుకుపోయి, మనిషి చేయి దూరేటంత నెర్రెలు విచ్చుకుంటుంది. ఏటా ఇలా ఉబ్బుతూ కుంచించుకుపోతూ ఉండటం వలన దానిపై ఉన్న గోడలు బీటలు వారతాయి, గచ్చు పైకి లేస్తుంది, తలుపులు సరిగా పడవు, కాలువల లైనింగు పలకలు విరిగిపోతాయి.

ఇందులో ఆలోచించవలసిన విషయం మరొకటి ఉన్నది. ఉబ్బే నల్లరేగడి కలిగించే పీడనం కొన్ని చోట్ల చదరపు మీటరుకు 20 టన్నులు, అంతకు మించి కూడా ఉండవచ్చు. బహుళ అంతస్తుల భవనం తన బరువుతో ఈ పీడనాన్ని కొంతవరకు అణచివేయగలుగుతుంది. ఒక్క అంతస్తు ఇంటికి ఆ బరువు లేదు. కనుక నల్లరేగడి వలన ఎక్కువగా నష్టపోయేవి చిన్న ఇళ్లు, గ్రామీణ పాఠశాల భవనాలు, గ్రామీణ రహదారులు, పిల్లకాలువలు. జీవితకాలపు పొదుపుతో రెండు గదుల ఇల్లు కట్టుకున్న కుటుంబమే ఈ నేల భారాన్ని అధికంగా మోస్తున్నదని చెప్పవచ్చు.

రెండవది తీరప్రాంతపు బంకమట్టి. విశాఖపట్నం, కాకినాడ తీరాల్లో సముద్రం వేల సంవత్సరాలుగా పేర్చిన ఈ మట్టి అడుసులా మెత్తగా, నీటితో నిండి ఉంటుంది. దీనిపై కట్ట పోసినా, గిడ్డంగి కట్టినా నేల సంవత్సరాల తరబడి నెమ్మదిగా కుంగుతూనే ఉంటుంది. కుంగడం అంతటా ఒకే తీరున జరిగితే నష్టం స్వల్పం. ఒక మూల ఎక్కువగా, మరొక మూల తక్కువగా కుంగినపుడే నిర్మాణం దెబ్బతింటుంది.

మూడవది వదులైన ఇసుక. పొడిగా ఉన్నంత కాలం ఇది భారాన్ని బాగానే మోస్తుంది. నీటితో నిండి వదులుగా ఉన్న ఇసుక భూకంప సమయంలో పట్టు కోల్పోయి ద్రవం వలె ప్రవర్తిస్తుంది. 1964లో జపానులోని నీగాటా నగరంలో సంభవించిన భూకంపంలో బహుళ అంతస్తుల నివాస భవనాలు గోడలు చెక్కుచెదరకుండానే పక్కకు ఒరిగిపోయాయి. 2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ భూకంపంలో కచ్ ప్రాంతపు పలు మట్టి ఆనకట్టలు పునాది నేల ఇలా ద్రవీభవించడం వలన దెబ్బతిన్నాయి.

పూర్వుల పరిజ్ఞానం

నేలను సిద్ధం చేసి ఆ తరువాత కట్టడాన్ని లేపాలన్న ఆలోచన తెలుగునాట కొత్తది కాదు. హనుమకొండలో 1163లో నిర్మించిన వేయి స్తంభాల గుడి, పాలంపేటలో 1213 నాటి రామప్ప దేవాలయం ఇందుకు సాక్ష్యాలు. కాకతీయుల నాటి శిల్పులు పునాది గోతిని ఇసుకతో నింపి, ఆ ఇసుక పెట్టె మీద రాతి కట్టడాన్ని నిలిపారు. నాలుగు వైపులా కదలకుండా బంధించిన ఇసుక భారాన్ని సమంగా పంచుతుంది. రామప్ప గోపురానికి నీటిపై తేలేటంత తేలికైన ఇటుకలను వాడి పునాదిపై బరువును కూడా తగ్గించారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన సందర్భంలో ఈ రెండు విశేషాలూ ప్రస్తావనకు వచ్చాయి. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పదీసి పునర్నిర్మించినపుడు సైతం ఇసుక పునాది పద్ధతినే అనుసరించారు. ఈ మండపం 2024లో తిరిగి ప్రజలకు అందుబాటులోకి వచ్చింది.

గోదావరిపై ధవళేశ్వరం వద్ద 1847-1852 మధ్య సర్ ఆర్థర్ కాటన్ నిర్మించిన ఆనకట్ట కూడా ఈ సందర్భంగా పేర్కొనదగినది. నదీ గర్భంలో గట్టి రాయి అందుబాటులో లేకపోయినా ఇసుకలో బావులు దింపి, వాటిపై కట్టడాన్ని నిలిపారు. కావేరిపై ప్రాచీన కాలంలో నిర్మించిన కల్లణై ఇసుకపై నిలిచిన తీరును పరిశీలించిన అనుభవం కాటన్‌కు తోడ్పడింది.

చెరువుకట్టలు పోసేటపుడు మట్టిని పొరలు పొరలుగా వేసి, తడిపి, పశువులతో తొక్కించి, దిమ్మిసలతో కొట్టించడం మన గ్రామాలలో తరతరాలుగా ఉన్న పద్ధతి. 1933లో అమెరికా ఇంజనీరు ప్రాక్టర్ ఇదే అనుభవాన్ని శాస్త్రబద్ధం చేశారు. ప్రతి మట్టికీ తగినంత తేమ ఒకటి ఉంటుందనీ, ఆ తేమ వద్దనే మట్టి గరిష్ఠంగా గట్టిపడుతుందనీ, అంతకన్న తడి ఎక్కువైనా తక్కువైనా దిమ్మిస శ్రమ వృథా అవుతుందనీ ఆయన పరీక్షలు నిరూపించాయి. రహదారి పనుల్లో నేటికీ ఈ పరీక్షే ప్రామాణికం.

ముందుగా నేల పరీక్ష

వైద్యుడు నాడి చూడకుండా మందు ఇవ్వనట్లే, నేలను పరీక్షించకుండా పద్ధతిని ఎంపిక చేయరాదు. భారత ప్రమాణాల సంస్థ ఇందుకు స్పష్టమైన విధానాలను నిర్దేశించింది.

స్టాండర్డ్ పెనెట్రేషన్ పరీక్షలో నేలలో రంధ్రం చేసి, అందులో గొట్టాన్ని 63.5 కిలోల బరువుతో 75 సెంటీమీటర్ల ఎత్తు నుండి కొడుతూ దింపుతారు. తొలి 15 సెంటీమీటర్లను వదలి, తరువాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు అవసరమైనవో లెక్కిస్తారు. దెబ్బల సంఖ్య ఎంత తక్కువైతే నేల అంత బలహీనమైనది.

నల్లరేగడి ఉబ్బే స్వభావాన్ని తెలుసుకునేందుకు ఫ్రీ స్వెల్ పరీక్ష ఉన్నది. ఎండబెట్టి జల్లించిన మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు కొలపాత్రలలో వేసి, ఒకదానిలో శుద్ధజలం, రెండవదానిలో కిరోసిన్ పోస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. 24 గంటల తరువాత నీటిలోని మట్టి పరిమాణం కిరోసిన్‌లోని దానికన్న ఎంత శాతం అధికమో చూస్తారు. ఈ శాతం 50 లోపు ఉంటే ప్రమాదం తక్కువ. 50 నుండి 100 వరకు జాగ్రత్త అవసరం. 100 దాటితే తీవ్రమైనదిగా, 200 దాటితే అతి తీవ్రమైనదిగా పరిగణిస్తారు. స్వల్ప వ్యయంతో ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో సైతం జరిపించుకోగలిగిన పరీక్ష ఇది.

ఇసుకను కుదించే పద్ధతులు

వదులైన ఇసుకకు ప్రకంపనమే మందు. కొలపాత్రలో పోసిన బియ్యాన్ని కుదిపితే ఎలా కిందికి సర్దుకుంటాయో, ఇసుక రేణువులు కూడా ప్రకంపనాలకు అలాగే దగ్గరవుతాయి. 1930లలో జర్మనీలో రూపొందిన వైబ్రో కాంపాక్షన్ పద్ధతిలో ప్రకంపించే పొడవైన ఉక్కు గొట్టాన్ని నీటి ధారల సహాయంతో ఇసుకలోకి దింపి, క్రమంగా పైకి తీస్తూ చుట్టూ ఉన్న ఇసుకను గట్టిపరుస్తారు. ఏర్పడిన గుంటను పైనుండి ఇసుకతో నింపుతూ పోతారు. నీగాటా భూకంపంలో ఈ తరహా పద్ధతితో ముందుగానే గట్టిపరచిన స్థలాల్లోని నిర్మాణాలు మిగిలినవాటికన్న మెరుగ్గా నిలబడటం ఈ విధానంపై ప్రపంచవ్యాప్తంగా విశ్వాసం కలిగించింది. ఇసుకలో బంకమట్టి పాలు పది, పదిహేను శాతం మించితే మాత్రం ఈ పద్ధతి ఆశించిన ఫలితం ఇవ్వదు.

1960ల చివర ఫ్రాన్స్ ఇంజనీరు లూయీ మెనార్డ్ ప్రచారంలోకి తెచ్చిన డైనమిక్ కాంపాక్షన్ మన దిమ్మిసకు విరాట్ రూపమని చెప్పవచ్చు. పది నుండి నలభై టన్నుల వరకు బరువు గల దిమ్మెను క్రేనుతో ఎత్తి నేలపై పదేపదే వదులుతారు. బరువును టన్నుల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని గుణించి, వచ్చిన సంఖ్యకు వర్గమూలం కట్టి, అందులో సగం తీసుకుంటే ఎంత లోతు వరకు నేల గట్టిపడుతుందో స్థూలంగా తెలుస్తుంది. ఉదాహరణకు 16 టన్నుల దిమ్మెను 16 మీటర్ల నుండి వదిలితే సుమారు 8 మీటర్ల లోతు వరకు ప్రభావం ఉంటుంది. సమీపంలో నివాసాలు ఉన్నచోట ఈ పద్ధతి పనికిరాదు.

బంకమట్టి నుండి నీటిని తొలగించడం

మెత్తని బంకమట్టిని ప్రకంపనాలతో గట్టిపరచలేము. దానిలోని నీరు బయటకు పోతేనే అది గట్టిపడుతుంది. బరువు మోపితే నీరు పోతుంది, అయితే బంకమట్టి నుండి నీరు ఊటలా కాక చెమటలా నెమ్మదిగా వస్తుంది. ఈ ప్రక్రియకు గణిత సూత్రాన్ని 1925లో కార్ల్ టెర్జాగీ ప్రతిపాదించారు. ఆధునిక మృత్తికా యంత్రశాస్త్రానికి ఆయనను పితామహునిగా భావిస్తారు. నీరు బయటపడేందుకు ప్రయాణించవలసిన దూరం రెట్టింపైతే పట్టే కాలం నాలుగు రెట్లవుతుందని ఆ సూత్రం తెలుపుతుంది.

ఈ సూత్రాన్ని తిరగవేసి చూస్తే పరిష్కారం లభిస్తుంది. దూరాన్ని తగ్గిస్తే కాలం అంతకు మించి తగ్గుతుంది. పైనా కిందా ఇసుక పొరలున్న 10 మీటర్ల మందపు బంకమట్టిలో నడుమనున్న నీరు 5 మీటర్లు ప్రయాణించాలి. అదే మట్టిలో మీటరుకొకటి చొప్పున నిలువు మురుగు మార్గాలను అమరిస్తే ఆ దూరం అర మీటరుకు తగ్గుతుంది. దూరం పదో వంతైనపుడు కాలం సిద్ధాంతరీత్యా సుమారు నూరో వంతవుతుంది. దశాబ్దాలు పట్టే కుంగుదల నెలల్లో పూర్తవుతుంది.

తొలినాళ్లలో ఈ మార్గాలను ఇసుకతో నింపిన రంధ్రాలుగా నిర్మించేవారు. ఇప్పుడు సుమారు 100 మిల్లీమీటర్ల వెడల్పు, కొద్ది మిల్లీమీటర్ల మందం గల ప్లాస్టిక్ పట్టీలను వడపోత వస్త్రంతో చుట్టి యంత్రాలతో నేలలోకి దింపుతున్నారు. పైన ఇసుక పొర పరచి, దానిపై మట్టి కట్ట పోసి, నేల కుంగడం పూర్తయిన తరువాత అదనపు మట్టిని తొలగించి అసలు నిర్మాణం చేపడతారు. ఈ విధానానికి 2004లో భారత ప్రమాణం వెలువడింది. కుంగవలసినదంతా నిర్మాణానికి ముందే కుంగేలా చేయడమే ఇందులోని కిటుకు.

రాతి స్తంభాలు

నెలల తరబడి వేచి ఉండే వ్యవధి లేనిచోట బంకమట్టిలో రాతి స్తంభాలను నిర్మిస్తారు. 60 సెంటీమీటర్ల నుండి మీటరు వరకు వ్యాసం గల రంధ్రాలు చేసి, వాటిలో కంకర వేసి ప్రకంపనలతోనో దిమ్మిసతోనో కుదిస్తారు. స్తంభాల మధ్య దూరం సాధారణంగా వ్యాసానికి రెండు, మూడు రెట్లు. ఇవి భారంలో ఎక్కువ పాలును తామే మోయడమే గాక నీరు బయటకు పోయేందుకు మార్గాలుగా కూడా ఉపకరిస్తాయి. ఇందుకు సంబంధించిన భారత ప్రమాణం 2003లో వెలువడింది. చుట్టూ ఉన్న మట్టి మరీ మెత్తనిదైతే కంకర పక్కలకు ఉబికిపోతుంది. అటువంటి చోట్ల స్తంభం చుట్టూ దృఢమైన వస్త్రపు తొడుగు అమర్చే విధానం కూడా ఆచరణలో ఉన్నది.

ఈ స్తంభాన్నే నల్లరేగడికి అనువుగా మలచే పరిశోధన కాకినాడ ఇంజనీరింగ్ కళాశాలలో జరిగింది. స్తంభం అడుగున ఉక్కు పలకను ఉంచి, దానిని ఒక కడ్డీతో పైనున్న పునాదికి బిగిస్తారు. నేల ఉబ్బి పునాదిని పైకి నెట్టబోయినపుడు ఈ లంగరు దానిని కిందికి పట్టి ఉంచుతుంది.

సున్నం, సిమెంటు, బూడిద

నల్లరేగడికి సున్నం కలపడం చవకైన చికిత్స. సున్నంలోని కాల్షియం బంక రేణువులను అంటిపెట్టుకున్న సోడియంను తొలగించి ఆ స్థానాన్ని ఆక్రమిస్తుంది. దీనితో రేణువులు గుంపులు కట్టి, జిగురుగా ఉన్న మట్టి పొడిపొడిగా మారుతుంది. నీటిని పీల్చి ఉబ్బే గుణం తగ్గుతుంది. ఆ తరువాత వారాల తరబడి సాగే రసాయనిక చర్య వలన సిమెంటును పోలిన పదార్థం ఏర్పడి నేల గట్టిపడుతుంది. సాధారణంగా మట్టి బరువులో 3 నుండి 8 శాతం సున్నం సరిపోతుంది. గంధక లవణాలు అధికంగా గల నేలల్లో మాత్రం సున్నం వికటించి ఉబ్బును పెంచే ప్రమాదం ఉన్నందున ముందుగా రసాయనిక పరీక్ష తప్పనిసరి.

బొగ్గు ఆధారిత విద్యుత్ కేంద్రాల నుండి వెలువడే బూడిద కూడా ఈ పనికి ఉపకరిస్తుంది. రామగుండం, కొత్తగూడెం, విజయవాడ, విశాఖ సమీపంలోని సింహాద్రి కేంద్రాల నుండి ఇది లభిస్తున్నది. బూడిద వినియోగాన్ని పెంపొందించేందుకు కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 1999లో నోటిఫికేషన్ జారీ చేసి, అనంతరం పలుమార్లు సవరించి, 2021 డిసెంబరులో కొత్త నోటిఫికేషన్ వెలువరించింది. సున్నంతో కలిపి వాడినపుడు బూడిద నల్లరేగడిని అదుపు చేయగలుగుతుంది. రహదారి కట్టలలో మట్టికి బదులుగా వాడితే సారవంతమైన పొలం మట్టిని తవ్వవలసిన అవసరం తగ్గుతుంది.

లోతైన నేలకు సిమెంటు పాలను అధిక పీడనంతో ఎక్కించే జెట్ గ్రౌటింగ్ పద్ధతి జపానులో రూపుదిద్దుకున్నది. వాతావరణ పీడనానికి కొన్ని వందల రెట్ల పీడనంతో సన్నని ధారగా వెలువడే సిమెంటు పాలు మట్టిని కోసి, దానితో కలిసిపోయి, నేలలోనే గట్టి స్తంభంగా మారుతాయి. అటువంటి స్తంభాలను ఒకదానితో ఒకటి ఆనుకునేలా వరుసగా నిర్మిస్తే నీటిని అడ్డుకునే తెర ఏర్పడుతుంది.

కొబ్బరి పీచు, జనపనార వస్త్రాలు

మెత్తని నేలపై వేసిన రహదారి కంకర క్రమంగా బురదలోకి దిగిపోతుంది. నేలకూ కంకరకూ మధ్య వస్త్రాన్ని పరిస్తే రెండూ కలిసిపోకుండా ఉంటాయి. నీరు మాత్రం వస్త్రం గుండా పోతుంది. కాకినాడ ఓడరేవు వద్ద బంకమట్టిపై వేసిన రహదారిలో 1990లలోనే జనపనార వస్త్రాన్ని ప్రయోగించారు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడవ దశలో కొబ్బరి పీచు వస్త్రాల వినియోగానికి 2020లో కేంద్రం ఆమోదం తెలిపింది. ఏడు రాష్ట్రాలలో 1,674 కిలోమీటర్ల రహదారులకు ఈ వస్త్రాలను వాడాలని నిర్ణయించగా, అందులో ఆంధ్రప్రదేశ్‌కు 164, తెలంగాణకు 121 కిలోమీటర్లు కేటాయించారు. కొన్నేళ్లకు పీచు నేలలో కలిసిపోయినా, అప్పటికి వాహనాల రాకపోకలతో నేల గట్టిపడి ఉంటుంది. గోదావరి జిల్లాల కొబ్బరి రైతులకు, పీచు పరిశ్రమలో పనిచేసే మహిళలకు కూడా దీని వలన ప్రయోజనం చేకూరే అవకాశం ఉన్నది.

నల్లరేగడికి రెండు భారతీయ పరిష్కారాలు

నల్లరేగడి సమస్యకు రెండు ముఖ్యమైన పరిష్కారాలు మన దేశంలోనే రూపొందడం గర్వకారణం. మొదటిది రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధనా సంస్థ అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైల్. ఇది భూమిలోకి దింపిన కాంక్రీటు స్తంభం. దీని అడుగుభాగంలో కాండానికి సుమారు రెండున్నర రెట్ల వ్యాసం గల బల్బు ఉంటుంది. రుతువులతో పాటు తేమ మారే పై పొరను దాటి, తేమ స్థిరంగా ఉండే లోతులో ఈ బల్బు నిలుస్తుంది. నల్లరేగడిలో దీని లోతు కనీసం 3.5 మీటర్లు ఉండాలని భారత ప్రమాణం నిర్దేశిస్తున్నది. పైనున్న నేల ఉబ్బినా బల్బు లంగరు వలె పట్టి ఉంచుతుంది. స్తంభాలను కలిపే దూలాలను నేలకు తాకకుండా కొంత ఖాళీ ఉంచి నిర్మించడం అత్యవసరం. ఈ ఖాళీని మట్టితో పూడ్చివేస్తే నేల ఉబ్బు నేరుగా దూలానికి తగులుతుంది.

రెండవది ఐ.ఐ.టి. బొంబాయి ఆచార్యులు ఆర్.కె. కట్టి ప్రతిపాదించిన సి.ఎన్.ఎస్. పొర. కర్ణాటకలోని మలప్రభ కాలువలపై జరిపిన అధ్యయనాలు దీనికి ఆధారం. ఉబ్బే గుణం లేని, కొంత పట్టుగల మట్టిని, ఉదాహరణకు తగిన మొరంను, నల్లరేగడిపై సుమారు 60 సెంటీమీటర్ల నుండి మీటరు మందంలో పరచి కుదిస్తే కింది నేల ఉబ్బు పైకి రాకుండా అణగిపోతుందని ఆయన నిరూపించారు. ఎంత మందం అవసరమో ఉబ్బు పీడనాన్ని బట్టి నిర్ణయిస్తారు. కాలువల లైనింగుకు భారత ప్రమాణాలు ఈ పద్ధతిని సిఫారసు చేశాయి.

నల్లరేగడిని తవ్వి ఇసుక నింపితే చాలునన్న అభిప్రాయం ప్రజలలో విస్తృతంగా ఉన్నది. ఇసుకలోకి నీరు సులభంగా దిగుతుంది. గోతి చుట్టూ నీరు రాకుండా కట్టుదిట్టం చేయకపోతే వాన నీరంతా ఆ ఇసుకలో నిలిచి, కింద ఉన్న రేగడికి నిరంతరం తేమను అందిస్తుంది. ఇసుకను గట్టిగా బంధించి, నీటి పారుదలను సక్రమంగా తీర్చిదిద్దినపుడే ఆ పద్ధతి ఫలిస్తుంది.

పోలవరం అనుభవం

నేలను పటిష్ఠపరచే పద్ధతులలో పలు విధానాలను ఒకేచోట ప్రయోగించిన ఉదాహరణ గోదావరిపై పోలవరం ప్రాజెక్టు. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం దీనిని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. ఇక్కడ ప్రధాన డ్యాంను మట్టి, రాళ్లతో నిర్మించవలసిన స్థలంలో నదీ గర్భాన లోతైన ఇసుక మేట ఉన్నది. డ్యాం ఎంత గట్టిగా కట్టినా అడుగున ఇసుక గుండా నీరు పోతే, ఆ ఊటతో పాటు ఇసుక కూడా కొట్టుకుపోయి డ్యాంకే ముప్పు వాటిల్లుతుంది. అందువలన ఇసుకను ఛేదించి రాతి పొర వరకు డయాఫ్రం గోడను దింపడం, ఎగువ, దిగువ కాఫర్ డ్యాంల అడుగున జెట్ గ్రౌటింగ్‌తో తెర నిర్మించడం జరిగింది.

డయాఫ్రం గోడ కోసం సన్నని లోతైన కందకాన్ని తవ్వేటపుడు ఇసుక కూలిపోకుండా బెంటోనైట్ అనే బంకమట్టి ద్రావణంతో దానిని నింపుతారు. ఈ బెంటోనైట్‌లో ఉన్నది మాంట్‌మోరిల్లోనైటే. నల్లరేగడిలో ఇళ్ల గోడలను బీటలు వార్చే ఖనిజమే, నీటిని పీల్చి ఉబ్బే తన గుణంతో ఇక్కడ కందకాన్ని నిలబెడుతుంది. ఆ తరువాత అడుగునుండి కాంక్రీటు నింపుతూ పోగా ద్రావణం పైకి వచ్చేస్తుంది.

ప్రధాన డ్యాం స్థలంలో ఈ గోడ 2018లో పూర్తయింది. అనంతర కాలంలో వచ్చిన గోదావరి వరదల ఉధృతికి గోడ కొన్నిచోట్ల దెబ్బతినగా, నదీ గర్భంలో ఇసుక కోసుకుపోయి లోతైన అగాధాలు ఏర్పడ్డాయి. అగాధాలను ఇసుకతో నింపి వైబ్రో కాంపాక్షన్ ద్వారా గట్టిపరచే పనులు చేపట్టారు. అమెరికా, కెనడాలకు చెందిన నిపుణుల బృందం 2024లో స్థలాన్ని పరిశీలించిన తరువాత, కొత్త గోడ నిర్మించాలన్న నిర్ణయం వెలువడింది. 2025 జనవరిలో ఆ పనులు ప్రారంభమయ్యాయి. భూగర్భంలో జరిగే పనికి వరదల కాలక్రమం ఎంత కీలకమో, నేల చికిత్సను, నదీ ప్రవాహ మళ్లింపును ఒకే ప్రణాళికలో చూడవలసిన ఆవశ్యకత ఎంతటిదో ఈ అనుభవం తెలియజేస్తున్నది.

పరిమితులు

ఏ పద్ధతియైనా అది చేరిన లోతు వరకే పనిచేస్తుంది. జపానులో సముద్రాన్ని పూడ్చి నిర్మించిన కాన్సాయ్ విమానాశ్రయం 1994లో ప్రారంభమైంది. సముద్రగర్భంలోని పై బంకమట్టి పొరలో దాదాపు పది లక్షల ఇసుక మార్గాలను అమర్చగా ఆ పొర అనుకున్నట్లే త్వరగా గట్టిపడింది. దాని కింద, ఎంతో లోతున ఉన్న పాత బంకమట్టి పొరలకు చికిత్స సాధ్యపడలేదు. తత్ఫలితంగా నిర్మాణం మొదలైనప్పటి నుండి మొదటి దీవి సగటున 13 మీటర్లకు పైగా కుంగింది. ఇది ముందే ఊహించిన ఇంజనీర్లు టెర్మినల్ భవన స్తంభాల కింద జాకీలు అమర్చి, అవసరమైనపుడు ఎత్తి సరిచేసే ఏర్పాటు చేశారు. చికిత్స తరువాత కూడా నేల కదలికలను కొలుస్తూ ఉండాలన్నది ఇందులోని పాఠం.

గృహ నిర్మాణం చేపట్టేవారికి సూచనలు

నల్లరేగడి ప్రాంతాలలో ఇళ్లు నిర్మించుకునేవారు ఈ కింది జాగ్రత్తలు పాటించడం శ్రేయస్కరం.

- స్థలం కొనుగోలుకు ముందు, కనీసం పునాది తవ్వకానికి ముందు నేల పరీక్ష జరిపించాలి. ఇంటి వ్యయంతో పోలిస్తే ఈ ఖర్చు స్వల్పం.
- ఇంటి చుట్టూ కనీసం మీటరు, వీలైతే రెండు మీటర్ల వెడల్పున బయటి వైపు వాలుగా గచ్చు వేయించి, గోడల వద్ద వాన నీరు నిలవకుండా చూడాలి.
- కొళాయి, మురుగు గొట్టాల లీకులను వెంటనే బాగు చేయించాలి. ఒక మూల మాత్రమే నిరంతరం తడిగా ఉండటం ఇంటికి అత్యంత హానికరం.
- గోడను ఆనుకుని పూలమొక్కలకు నీరు పెట్టరాదు. పెద్ద వృక్షాలను, అవి పూర్తిగా ఎదిగినపుడు ఉండే ఎత్తుకు తగ్గని దూరంలో నాటుకోవాలి. వాటి వేళ్లు వేసవిలో నేలలోని తేమను పీల్చివేసి పునాది కుంగేలా చేస్తాయి.
- పాత బావులు, చెరువులు, చెత్త గుంటలు పూడ్చిన స్థలాల్లో పూడిక లోతును నిర్ధారించుకోకుండా నిర్మాణం ప్రారంభించరాదు.
- పొరుగువారి ఇంటికి ఏ పునాది సరిపోయిందో దానినే అనుకరించడం సరికాదు. కొద్ది గజాల దూరంలోనే నేల స్వభావం మారవచ్చు.
- బీటలు కనిపించినపుడు సిమెంటుతో పూసి ఊరుకోక, అవి ఏ కాలంలో వెడల్పవుతున్నవో, ఏ కాలంలో మూసుకుంటున్నవో గమనించి ఇంజనీరుకు తెలపాలి. కారణం నిర్ధారించడానికి ఆ వివరం ఎంతగానో తోడ్పడుతుంది.

పునాది పని పూర్తయిన తరువాత భూమిలో కలిసిపోయి ఎవరికీ కనిపించదు. అందుకే ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారి దృష్టి మొదట దానిపైనే పడుతుంది. గోడను, కప్పును తరువాత మార్చుకోవచ్చు. ఇంటి కింద ఉన్న నేలకు ఇల్లు కట్టిన తరువాత చికిత్స చేయడం కష్టం, వ్యయం అనేక రెట్లు. సున్నం, మొరం, కంకర, కొబ్బరి పీచు వంటి స్థానికంగా లభించే వస్తువులతోనే సాధ్యమయ్యే పద్ధతులు నేడు అందుబాటులో ఉన్నాయి. నేల స్వభావాన్ని తెలుసుకుని, దానికి తగిన పద్ధతిని నిపుణుల సలహాతో ఎంచుకున్నపుడు నల్లరేగడిపై కట్టిన చిన్న ఇల్లు సైతం తరాల పాటు నిలుస్తుంది.